ఆ గంట ఏ వేళ దొరుకుతుంది?

ఫార్మా సిటీకీ, సింహాద్రి విద్యుత్ కేంద్రానికీ తిరిగే లారీల మధ్య బిడ్డను బడికి నడిపించి పంపడానికి పరవాడలో తల్లి మనసు ఒప్పుకోదు. అందుకే ఆటో. బడిలో రోజంతా బెంచీ, సాయంత్రం ట్యూషన్, ఆపైన ఖుర్ఆన్ పాఠం.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన పిల్లలకు ఆ గంట దొరికితే బడిలోనే దొరకాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం పాఠశాలకు ఆటస్థలం ఉండాలంటోంది. స్థలం ఉన్నా, పరీక్షలు రాగానే ఆటల పీరియడ్ లెక్కలకు పోతుంది.

ఆడపిల్లలకైతే అదీ లేదు. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేశారని హదీసుల్లో చదువుకున్న మనమే, ఆరో తరగతికి రాగానే కూతుళ్లను గట్టు మీద కూర్చోబెడుతున్నాం. ఈసారి తల్లిదండ్రుల సమావేశంలో మార్కులకంటే ముందు అడగండి: మా అమ్మాయి ఈ వారం ఎన్నిసార్లు మైదానంలోకి దిగింది?