గడప లోపలికి వచ్చిన పిల్లి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వీధుల్లో మనిషి అలికిడికే పారిపోయే పిల్లులు ఎన్నో. అలాంటి పిల్లిని ఇంట్లో పెంచుకోదలచినవారు ముందు ఒక హెచ్చరిక గుర్తుంచుకోవాలి. పిల్లిని బంధించి, తిండి పెట్టక, వెతుక్కు తినేందుకు వదలనూ వదలక చంపిన స్త్రీ నరకం పాలైందని దైవప్రవక్త (స) తెలిపారు. తలుపు మూశామంటే దాని ఆకలిదప్పుల బాధ్యత మనదే.

మొదట్లో ఇల్లంతా తిప్పకండి. ఒక చిన్న గది, దాక్కోవడానికి అట్టపెట్టె, ఒక మూల ఇసుక పళ్ళెం, దానికి దూరంగా నీళ్ళు, తిండి చాలు. మంచం కింద దూరితే లాగవద్దు. రోజూ ఒకే వేళకు తిండి పెట్టి, కాస్త ఎడంగా కూర్చుని మెల్లగా మాట్లాడండి. బెదురు తీరడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. ఉప్పుకారం లేకుండా ఉడికించి, ఎముకలు తీసిన కోడిమాంసం మేలు. పశువైద్యునిచేత రేబిస్ టీకా వేయించండి. కరిచినా, రక్కినా గాయాన్ని 15 నిమిషాలు సబ్బునీళ్ళతో కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

హజ్రత్ అబూ ఖతాదా (రజి) తన వుజూ నీటిని పిల్లి తాగబోతే పాత్రను దానివైపు వంచారు. పిల్లి అపవిత్రం కాదని, మన చుట్టూ తిరిగే జీవమని ప్రవక్త (స) చెప్పారని వివరించారు. మన పిల్లి ఒడిలోకి రాకపోవచ్చు. మనమున్న గదిలో భయం లేకుండా నిద్రపోతే అదే చాలు.