తాళం వేశానా... లేదా?

ఇంటికి తాళం వేసి బస్టాండు దాకా వెళ్లాక ‘గ్యాస్ కట్టేశానా?’ అన్న అనుమానం మనలో చాలామందికి వచ్చేదే. వెనక్కి వెళ్లి ఒకసారి చూసుకుంటాం, మన దారిన మనం పోతాం. కొందరికి మాత్రం చూసొచ్చినా నమ్మకం కుదరదు. మళ్లీ వెళ్తారు. తాళాన్ని నాలుగుసార్లు లాగుతారు. రెగ్యులేటర్ మీద చేయి పెట్టి పది దాకా లెక్కపెడతారు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క మళ్లీ మొదటికి. ఈలోపు బస్సు వెళ్లిపోతుంది.

ఇది మతిమరుపు కాదు, చాదస్తమూ కాదు. ఓసీడీ అనే జబ్బు. నూటికి ఇద్దరు ముగ్గురు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీని బారిన పడతారు. చాలామందిలో పాతికేళ్లలోపే మొదలవుతుంది.

కృష్ణా, మూసీ కలిసే వాడపల్లిలో సంగమ స్నానానికి వెళ్లినవాళ్లు మూడు మునకలు వేస్తారు, గుడి చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేస్తారు. అందులో జబ్బేమీ లేదు. లెక్క ఒకటి అటూ ఇటూ అయినా దేవుడు ఏమీ అనుకోడులే అని దండం పెట్టుకుని వచ్చేస్తారు. ఓసీడీ ఉన్నవారికి ఆ వెసులుబాటు ఉండదు. తిరిగింది ఏడో, ఎనిమిదో తేలకపోతే మళ్లీ ఒకటి నుంచి! లెక్క తప్పితే ఇంట్లో పిల్లాడికి ఏదో అయిపోతుందన్న భయం. అందులో అర్థం లేదని వారికీ తెలుసు. తెలిసీ ఆగలేకపోవడమే నరకం. ఇంట్లోవాళ్లేమో ‘మావాడికి భక్తి ఎక్కువ’ అని మురిసిపోతుంటారు.

‘లెక్కపెట్టకుండా ఉండలేకపోతున్నాను డాక్టర్’ అంటూ మా ఓపీకి ఎవరూ రారు. నిద్ర లేదని, తలనొప్పని, నీరసమని వస్తారు. ‘పడుకునే ముందు తలుపులు ఎన్నిసార్లు చూస్తారు?’ అని అడిగితే తల దించుకుంటారు. సిగ్గుపడాల్సిన పని లేదు. ఈ ఆలోచనలు, తనిఖీలు రోజులో గంటకు మించి తినేస్తున్నా, పనికో చదువుకో అడ్డొస్తున్నా చికిత్స అవసరమే.

నిజానికి ఎన్నిసార్లు చూస్తే అంత నమ్మకం కుదరాలి కదా? జరిగేది తలకిందులు. నెదర్లాండ్స్ పరిశోధకులు 2003లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఏ జబ్బూ లేని విద్యార్థుల చేత కంప్యూటర్ తెర మీద గ్యాస్ పొయ్యిని పదేపదే తనిఖీ చేయించారు. చివరిసారి ఏ బర్నర్లు చూశారో వాళ్లు సరిగానే చెప్పారు. కానీ తమ జ్ఞాపకం మీద తమకే నమ్మకం సడలిపోయింది. అంటే అనుమానం పోవాలని చేసే తనిఖీయే అనుమానాన్ని పెంచుతోందన్నమాట.

అందుకే చికిత్స దీనికి ఎదురు దారిలో సాగుతుంది. తాళం ఒక్కసారి వేయాలి, వెనక్కి చూడకుండా నడవాలి. గుండె దడదడలాడుతుంది, చెమటలు పడతాయి. అయినా తిరిగి వెళ్లకూడదు. కాసేపటికి ఆ ఆందోళన దానంతటదే దిగుతుంది. లెక్కపెట్టే అలవాటైతే కావాలనే సగంలో వదిలేయాలి. దీన్ని ‘ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్’ అంటారు. తేలికపాటి భయంతో మొదలుపెట్టి, నిపుణుల సాయంతో మెట్టు మెట్టుగా పెద్దవాటి దాకా వెళ్తారు.

ఇంట్లోవారికి ఒక మాట. ‘తాళం వేశానా?’ అని అడిగిన ప్రతిసారీ ‘వేశావులే, నేను చూశాను’ అనకండి. ఆ భరోసా కూడా తనిఖీ కిందికే వస్తుంది. అలాగని కసరొద్దు. ‘నీకు కష్టంగా ఉందని తెలుసు, ఇద్దరం కాసేపు ఓర్చుకుందాం’ అనండి.

మందులూ బాగా పనిచేస్తాయి. ఫ్లూక్సెటిన్, సెర్ట్రాలిన్ వంటివి ఇస్తారు. డిప్రెషన్‌కు వాడేదానికన్నా ఎక్కువ మోతాదు పట్టొచ్చు. పూర్తి ఫలితానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. రెండు వారాలు వాడి ‘గుణం లేదు’ అని మానేసేవాళ్లే ఎక్కువ! ఇవి నిద్రమాత్రలు కావు, వ్యసనంగా మారవు. తగ్గాక కూడా కనీసం ఏడాది, రెండేళ్లు కొనసాగించాలి. ఆపేటప్పుడు డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

నల్గొండ, సూర్యాపేట ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో మానసిక వైద్యులను కలవొచ్చు. అంతదూరం వెళ్లడానికి వెనకాడుతుంటే ముందు టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం ఈ రోజే చేయండి.