పదమూడు తప్పుల మర్నాడు

2006 నవంబరులో అమెరికాలోని డేవిడ్‌సన్ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు తరఫున ఒక పద్దెనిమిదేళ్ల కుర్రాడు తన తొలి మ్యాచ్ ఆడాడు. ప్రత్యర్థి ఈస్టర్న్ మిషిగన్. ఆ ఒక్క మ్యాచ్‌లో అతను 13 సార్లు బంతి పోగొట్టాడు. ఈ ఆటలో దాన్ని టర్నోవర్ అంటారు. గురి తప్పడం వేరు, ఇది వేరు. గురి తప్పినవాడు కనీసం ప్రయత్నించాడనిపించుకుంటాడు; టర్నోవర్ అంటే రింగు దాకా పోకముందే బంతిని తీసుకెళ్లి ఎదుటివాళ్ల చేతిలో పెట్టడం. ఒక్కడే మ్యాచ్ మొత్తమ్మీద నాలుగైదు చేస్తేనే కోచ్ మొహం మాడిపోతుంది. పదమూడు చేసిన కొత్త కుర్రాణ్ని మర్నాడు బెంచీ మీద కూర్చోబెట్టినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కోచ్ బాబ్ మెకిలప్ ఆ పని చేయలేదు. మర్నాడు మిషిగన్ మీద మళ్లీ బరిలోకి దింపాడు. ఆ రోజు కుర్రాడు 32 పాయింట్లు కొట్టాడు. పేరు స్టెఫెన్ కర్రీ.

కర్రీ తర్వాతి జీవితం బాస్కెట్‌బాల్ చూడనివాళ్లకు కూడా కొంత తెలుసు. గోల్డెన్ స్టేట్ వారియర్స్ తరఫున ఎన్‌బీఏ అనే అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగులో నాలుగు టైటిళ్లు, దూరం నుంచి వేసే త్రీ పాయింటర్లతో ఆట తీరునే మార్చేసిన పేరు. అతని కాలేజీ రోజుల గురించి మాత్రం ఎప్పుడూ ఒకే కథ వినిపిస్తుంది: పెద్ద కాలేజీలు కాదన్నాయి, పట్టుదలతో వాటి నోళ్లు మూయించాడు అని. వినడానికి బాగుంటుంది. కానీ ఈ కథ చిన్న కాలేజీని అతను దాటుకుని రావలసిన అడ్డుగోడలా చూపిస్తుంది. జరిగింది దాదాపు దానికి తలకిందులు. పెద్ద చోట దొరకనిది ఏదో ఆ చిన్న చోట దొరికింది కాబట్టే అతను కర్రీ అయ్యాడు. ఆ ఏదో ఏమిటంటే, తప్పులు చేస్తూ కూడా ఆడుతూ ఉండే అవకాశం.

ముందు ఆ కాదనడం సంగతి చూద్దాం. అమెరికాలో బాస్కెట్‌బాల్‌ను వృత్తిగా ఎంచుకోదలచినవాడికి కాలేజీయే ప్రధానమైన నిచ్చెన. మన దగ్గర స్పోర్ట్స్ కోటా అంటే ఆట చూపించి సీటు తెచ్చుకోవడం. అక్కడ హైస్కూల్లో ఉండగానే కాలేజీ కోచ్‌లు ఇంటికొచ్చి, ఫీజూ బసా భోజనమూ మేమే చూసుకుంటామని పిల్లల్ని తీసుకుపోతారు. 1988లో అక్రన్‌లో పుట్టి షార్లట్ నగరంలో పెరిగిన కర్రీకి ఆ పిలుపు ఏ పెద్ద జట్టు నుంచీ రాలేదు. తండ్రి డెల్ కర్రీ చదివి, ఆడి, పేరు తెచ్చుకున్న వర్జీనియా టెక్ కూడా స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. సొంత ఖర్చుతో చేరితే జట్టులో చోటిస్తామంది. ఆ కోచ్‌లను తెలివితక్కువవాళ్లనుకోవడం సులువు గానీ న్యాయం కాదు. వాళ్లకు కనబడింది ఆరడుగులకు కాస్త అటూ ఇటూగా ఉన్న బక్కపల్చని కుర్రాడు. గట్టిగా ఒక భుజం తగిలితే పక్కకు పోయేలా ఉన్నాడు. పైగా అంతకు రెండేళ్ల ముందే, బంతిని నడుము దగ్గర నుంచి విసిరే అలవాటు పైస్థాయిలో పనికిరాదని తండ్రి ఒక వేసవంతా కూర్చుని ఆ తీరు మాన్పించి, తలపై నుంచి వేయడం కొత్తగా నేర్పాడు. అక్షరాలు వచ్చినవాణ్ని మళ్లీ పలక మీద దిద్దించడం లాంటిది అది. ఎత్తునూ బరువునూ టేపు, తూకం చెబుతాయి. ఒక కుర్రాడు ఇంకా ఎంత నేర్చుకోగలడో చెప్పే కొలబద్ద ఎవరి దగ్గరా లేదు.

షార్లట్‌కు ఉత్తరాన దగ్గర్లోనే ఉన్న డేవిడ్‌సన్ 1837లో మొదలైన కాలేజీ. కర్రీ చేరేనాటికి విద్యార్థులంతా కలిపి 1,700 మంది. చదువుకు మంచి పేరుంది. బాస్కెట్‌బాల్‌లో జాతీయ టోర్నమెంటులో ఒక మ్యాచ్ గెలిచి అప్పటికి నాలుగు దశాబ్దాలు కావస్తోంది. మెకిలప్ అప్పటికి 1989 నుంచి అక్కడే కోచ్‌గా ఉన్నాడు. జట్టు ఇంత చిన్నది కాబట్టి కర్రీ కోసం ఎదురుచూసే అవసరం జట్టుకే ఉంది. మొదటి ఏడాదే, 40 నిమిషాల ఆటలో సగటున 30 నిమిషాలకు పైగా అతను కోర్టు మీదున్నాడు. మ్యాచ్‌కు 21.5 పాయింట్లు చేశాడు. ఆ ఏడాది దేశంలోని కొత్తవాళ్లలో అంతకన్నా ఎక్కువ చేసింది టెక్సాస్ జట్టులో ఉన్న కెవిన్ డ్యురాంట్ ఒక్కడే. 122 త్రీ పాయింటర్లు వేసి మొదటి ఏడాది ఆటగాళ్ల రికార్డు సృష్టించాడు. అతను ఏదో ఒక పెద్ద జట్టులో పద్నాలుగోవాడిగా కూర్చుని ఉంటే ఇందులో ఎంత జరిగేది? ప్రతిభ ఎక్కడున్నా బయటపడుతుందనేవాళ్లు ఉంటారు. అలా బయటపడాలంటే ఆ మనిషి ముందు కోర్టు మీద ఉండాలి కదా.

ఇక్కడ వచ్చే గట్టి అభ్యంతరం ఒకటుంది. చిన్న కాలేజీలు చిన్న జట్లతో ఆడతాయి, ఆ పాయింట్లకు విలువెంత అని. నిజమే, డేవిడ్‌సన్ అప్పట్లో ఆడిన సదరన్ కాన్ఫరెన్సులో పెద్ద పేర్లు లేవు. దానికి సమాధానం 2008 మార్చి ఇచ్చింది. మార్చి అంటే అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌కు పండగ నెల. ఓడితే ఇంటికే అన్న పద్ధతిలో జాతీయ టోర్నమెంటు జరుగుతుంది. నిజానికి ఆ సీజన్ మొదట్లో డేవిడ్‌సన్ నార్త్ కెరొలైనా, డ్యూక్, యూసీఎల్‌ఏ లాంటి హేమాహేమీలతో కోరి తలపడి అందరి చేతిలోనూ ఓడింది. ఆ ఓటములు ఊరికే పోలేదు. టోర్నమెంటులో మొదట గొంజాగా మీద కర్రీ 40 పాయింట్లు చేశాడు, అందులో 30 రెండో సగంలోనే. తర్వాత జార్జ్‌టౌన్. ఆ జట్టు 17 పాయింట్ల ఆధిక్యంలో ఉంది. మొదటి సగంలో కర్రీ చేసినవి ఐదే. రెండో సగంలో 25 చేశాడు, డేవిడ్‌సన్ 74-70తో గెలిచింది. ఆ తర్వాతి మ్యాచ్ డెట్రాయిట్‌లో. చూడాలనుకున్న విద్యార్థులకు బస్సులు, టికెట్లు, బస అన్నీ కాలేజీ ట్రస్టీలే భరించారు. చిన్న చోటు ఎలా ఉంటుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ తోచదు. అక్కడ విస్కాన్సిన్ ఓడింది. చివరికి కాన్సస్ చేతిలో 59-57తో ఆగారు. ఆఖరి క్షణాల్లో కర్రీని చుట్టుముడితే అతను బంతిని సహచరుడు జేసన్ రిచర్డ్స్‌కు అందించాడు. ఆ త్రీ పాయింటర్ పడలేదు. పడి ఉంటే గెలుపు డేవిడ్‌సన్‌దే. ఆ ఏడాది చాంపియన్ కాన్సస్సే.

పాయింట్ల కన్నా నాకు ఎక్కువ చెప్పేది మరో మ్యాచ్. 2008 నవంబరులో, మేరీలాండ్‌లోని లయోలా జట్టు డేవిడ్‌సన్‌కు వచ్చింది. వాళ్ల కోచ్ ఎత్తుగడ ఒక్కటే: బంతి ఎక్కడున్నా సరే, ఇద్దరు ఆటగాళ్లు కర్రీకి అటొకరు ఇటొకరు అంటుకుని ఉండాలి. కాసేపటికి కర్రీకి లెక్క అర్థమైంది. తన దగ్గర ఇద్దరుంటే మిగతా కోర్టులో తన జట్టువాళ్లు నలుగురు, ఎదుటివాళ్లు ముగ్గురు. వెళ్లి ఓ మూలన నిలబడ్డాడు. ఆ ఇద్దరూ వచ్చి పక్కన నిలబడ్డారు. ఆట అవతల జరుగుతోంది, ముగ్గురూ బస్టాపులో బస్సు కోసం చూస్తున్నట్టు ఇవతల ఉన్నారు. సొంత ప్రేక్షకులు లయోలాను గేలిచేశారు. కర్రీ మ్యాచ్ మొత్తంలో మూడే షాట్లు వేశాడు, ఒక్కటీ పడలేదు, పాయింట్లు సున్నా. డేవిడ్‌సన్ 78-48తో గెలిచింది. దేశంలోనే అత్యధిక సగటుతో ఆ సీజన్ ముగించబోతున్నవాడు సున్నాతో తృప్తిపడి నిలబడగలిగాడంటే, జట్టులో తన చోటుకు ఢోకా లేదని తెలిసినవాడు కాబట్టే. ప్రతి మ్యాచ్‌లోనూ తనను తాను నిరూపించుకోవలసినవాడు అలా నిలబడలేడు.

రెండో అభ్యంతరం తండ్రి గురించి. డెల్ కర్రీ ఎన్‌బీఏలో 16 సీజన్లు ఆడాడు. అలాంటి ఇంట్లో పుట్టినవాడికి కాలేజీ నేర్పిందేమిటి? ఇందులో సగం ఒప్పుకోవాలి. దీన్ని పేదింటి బిడ్డ విజయగాథగా చెప్పేవాళ్లు పొరపడుతున్నారు. ఆ గురి, ఆ షాటు తండ్రి పెట్టిన భిక్షే. కానీ మూడో ఏడాది రిచర్డ్స్ చదువు ముగించి వెళ్లాక, జట్టును నడిపే పాయింట్ గార్డు బాధ్యత మెకిలప్ కర్రీకి అప్పగించాడు. అప్పటిదాకా ఎక్కువగా బంతి అందుకుని వేసేవాడు, ఇప్పుడు బంతి పంచేవాడయ్యాడు. అదే ఏడాది త్రీ పాయింట్ గీతను ఒక అడుగు వెనక్కి జరిపారు. అతని త్రీ పాయింటర్ల కచ్చితత్వం దాదాపు 44 శాతం నుంచి 39 దగ్గరకు పడింది. సగటు మాత్రం 28.6కు పెరిగింది, దేశంలో అదే అత్యధికం. జట్టుకు ఆ ఏడాది జాతీయ టోర్నమెంటులో చోటు దక్కలేదు. అయినా ఎన్‌బీఏ జట్లకు అప్పుడు కనబడిన కర్రీ తండ్రి నేర్పిన షూటర్ మాత్రమే కాదు. జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో, 2009లో ఏడోవాడిగా వెళ్లాడు. అంతకు ముందు మినెసోటా వరసగా రెండు అవకాశాల్లోనూ గార్డులనే ఎంచుకుని ఇతన్ని వదిలేసిందన్న సంగతి ఆ జట్టు అభిమానులకు ఇప్పటికీ చేదే.

చిన్న కాలేజీకి వెళ్లిన ప్రతివాడూ కర్రీ అవుతాడని నేననడం లేదు. ఎంతమందో అక్కడ ఆడి, డిగ్రీ తీసుకుని, ఉద్యోగాల్లో కుదురుకున్నారు. నా వాదన అంతకన్నా చిన్నది: ఆలస్యంగా పండేవాడికి మూడేళ్లు ఒకేచోట, ఒకే కోచ్ కింద ఉండటం అవసరం. ఇప్పుడు అదే కష్టమైపోయింది. కర్రీ కాలంలో కాలేజీ మారితే ఒక సీజన్ ఆడకుండా కూర్చోవాలి. 2021లో ఆ నిబంధన సడలింది. అదే ఏడాది జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చన్నారు. ఆ డబ్బు వాళ్లకు న్యాయంగా రావలసిందే, ఏళ్ల తరబడి వాళ్ల చెమట మీద కాలేజీలు బతికాయి. కానీ నేడు ఒక కుర్రాడు చిన్న కాలేజీలో మొదటి ఏడాదే 21.5 సగటుతో ఆడితే, వేసవి దాటకముందే ఓ పెద్ద జట్టు వచ్చి ఎత్తుకుపోతుంది. పోనీ, అక్కడా రాణించవచ్చు. మొదటి మ్యాచ్‌లో 13 టర్నోవర్లు చేస్తే మర్నాడు దింపుతారా అన్నదే నా సందేహం.

డేవిడ్‌సన్‌లో ఒక నియమం ఉంది. డిగ్రీ పూర్తి చేయనివారి జెర్సీ నంబరును ఇంకెవరూ వేసుకోకుండా గౌరవంగా పక్కనపెట్టరు. కర్రీ ఒక ఏడాది చదువు మిగిలుండగానే వెళ్లిపోయాడు. ఎన్‌బీఏ టైటిళ్లు గెలిచినా, రెండుసార్లు మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ అయినా ఆ కాలేజీ మినహాయింపు ఇవ్వలేదు, అతనూ అడ్డదారి వెతకలేదు. 2022లో సోషియాలజీలో బీఏ ముగించాడు. ఆ ఆగస్టు 31న పట్టా చేతికిచ్చి, అదే రోజు 30వ నంబరు జెర్సీని పైకెత్తారు.