వెనుక నుంచి మనమెలా కనిపిస్తాం?

మీ వీపును మీరు ఎప్పుడైనా చూసుకున్నారా? అద్దం ముందు నిలబడితే ముఖం, చేతులు కనిపిస్తాయి. వీపు కనిపించదు. కానీ నాట్యంలో మనం తిరిగిన ప్రతిసారీ ప్రేక్షకులు చూసేది దాన్నే.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఉగాది కార్యక్రమం కోసం కూచిపూడి సాధన చేస్తున్నప్పుడు నాకీ సంగతి తెలిసింది. అక్క ఫోన్‌లో వీడియో తీసింది. ముందు నుంచి బాగానే ఉన్నాను. వెనక్కి తిరగగానే మాత్రం భుజాలు వాలిపోయి, నాట్యం అయిపోయినట్లే నడుస్తున్నాను!

జపాన్‌లో ఆరు వందల ఏళ్ల క్రితమే జెయామి అనే నటుడు దీని గురించి రాశాడు. 'నో' అనే నృత్యనాటక కళను తీర్చిదిద్దినవారిలో ఆయన ముఖ్యుడు. 1424 నాటి ఆయన గ్రంథం పేరు 'కాక్యో', అంటే పువ్వుకు అద్దం. అందులో నటుడికి రెండు చూపులుంటాయని చెప్పాడు. తన కళ్లతో తాను చూసుకునేది 'గాకెన్'. ప్రేక్షకుల చోటు నుంచి తనను తాను చూసుకునేది 'రికెన్'. మన కళ్లకు ముందు, పక్కలు మాత్రమే అందుతాయి. వెనుక భాగం తెలియాలంటే రెండో చూపు కావాలి. అందుకే కళ్లు ముందుకు చూస్తున్నా మనసును వీపు వెనుక ఉంచమన్నాడు.

నో నాటకంలో ముఖ్య నటుడు చాలా పాత్రలకు చెక్క మాస్కు ధరిస్తాడు. దాని కంటి రంధ్రాలు చాలా చిన్నవి. వేదిక మూలల్లోని స్తంభాలే అతనికి గుర్తులు. వేదిక ఎక్కే ముందు అద్దం గదిలో తన రూపం చూసుకుంటాడు. ఆ తర్వాత అద్దం ఉండదు, మనసులోని చూపే ఉంటుంది.

మన కూచిపూడిలోనూ వీపుకు పెద్ద స్థానముంది. భామాకలాపంలో సత్యభామ తన జడను తెర మీదుగా వేస్తుంది. ముఖం కంటే ముందు ప్రేక్షకులకు కనిపించేది ఆ జడే! వేదాంతం సత్యనారాయణ శర్మ గారు (1935–2012) పురుషుడై ఉండీ ఆ పాత్రతో ఎంతో పేరు పొందారు. అలాంటి పాత్రలో వెనుక నుంచి చూసినా సత్యభామే కనిపించాలి కదా.

ఈ చూపును మనమూ సాధన చేయవచ్చు. నాట్యం చేయగానే వీడియో చూడకండి. మీ వీపు, భుజాలు ఎలా ఉన్నాయో ముందు మీరే చెప్పండి. తర్వాత వీడియోతో సరిచూసుకోండి. మొదట్లో నేను చెప్పినవి చాలా తప్పాయి. ఇప్పుడు తిరిగేటప్పుడల్లా, చివరి వరుసలో కూర్చున్న అమ్మమ్మ కళ్లతో నన్ను నేను చూసుకుంటున్నాను. భుజాలు వాటంతటవే నిలబడుతున్నాయి.