శిలపై పొరపాటు

వంశచరిత్రమును శోధించువారు పెద్దల మాటను ఆదరింపవలెను. కాని పరీక్షింపక నమ్మరాదు. జాన్ హౌలండు కుటుంబచరిత్రము ఇందుకు నిదర్శనము.

1620వ సంవత్సరమున మేఫ్లవరు అను ఓడలో ఇంగ్లండునుండి అమెరికాకు వలస వెళ్లినవారిలో హౌలండు ఒకడు. త్రోవలో తుపాను రేగగా అతడు సముద్రమున పడి, ఓడనుండి వ్రేలాడు త్రాటిని పట్టుకొని ప్రాణము దక్కించుకొనెను. పిమ్మట ప్లిమత్తున స్థిరపడి, తనతో వచ్చిన ఎలిజబెత్తు అను కన్యను వివాహమాడెను. వారికి పదిమంది సంతానము కలిగిరి.

ఎలిజబెత్తు ఆ వలసకు ప్రథమ గవర్నరైన కార్వరు కుమార్తె యని వంశీయులు చిరకాలము నమ్మిరి. హౌలండు సమాధిశిలపై సైతము అట్లే చెక్కించిరి. తరువాతి గవర్నరు బ్రాడ్‌ఫర్డు స్వహస్తముతో వ్రాసిన వలసచరిత్రము అప్పటికి జాడ తెలియకుండెను. 1855లో అది లండను బిషప్పు గ్రంథాలయమున బయటపడి, మరుసటి యేట అచ్చయ్యెను. హౌలండు భార్య జాన్ టిల్లీ కుమార్తె యని అందు స్పష్టముగా నున్నది. టిల్లీ దంపతులు వలసవచ్చిన తొలి శీతకాలముననే మరణించిరి. ఇంగ్లండులోని హెన్లో గ్రామపు చర్చి పుస్తకమునందును, 1607లో టిల్లీ కుమార్తె యగు ఎలిజబెత్తునకు బాప్తిస్మ మిచ్చినట్లు వ్రాయబడియున్నది.

పిదప సమాధిపై సరియైన శిలను నిలిపిరి. గవర్నరు వంశమను ప్రతిష్ఠ పోయినది. కాని, పరదేశమున బిడ్డను విడిచి కన్నుమూసిన తలిదండ్రుల పేరు వారి సంతతికి దక్కినది.