తాతల నాటి తుపాకీకి మైనం పూత: ముందు కాగితం, తర్వాతే పాలిష్

భీమ్‌గల్: వానలు మొదలైతే ఇనుప తాళం మీద ఎర్రటి పొడి లేస్తుంది, చెక్క తలుపు ఉబ్బి బిగుసుకుంటుంది. ఇంట్లో దాచి ఉంచిన పాత బర్మార్ మీద, వేట తుపాకీ మీద కూడా అదే తేమ పని చేస్తుంది. నిజాం జమానాలో భూములు, పటేల్‌గిరీ, షికారు అలవాటు ఉన్న కొన్ని కుటుంబాలకు ఇలాంటి తుపాకీ వారసత్వంగా మిగిలింది. కాల్చడానికి కాదు, పెద్దల యాద్‌గార్‌గా. దాన్ని కాపాడటానికి పెద్ద ఖర్చేం లేదు, సన్నటి మైనం పూత చాలు. కానీ డబ్బా మూత తీయకముందే రెండు విషయాలు చూసుకోవాలి.

మొదటిది కాగితం

1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీకి లైసెన్స్ తప్పనిసరి. "పాతదే కదా, ఎవరడుగుతారు" అనుకోవద్దు. పాతకాలపుదో, పురాతన విలువ ఉన్నదో, పాడైపోయినదో అయి, రిపేరు చేసినా సరే ఇక పేలదు అంటేనే సెక్షన్ 45 మినహాయింపు ఇస్తుంది. రిపేరు చేస్తే పేలే బర్మార్‌కు ఆ మినహాయింపు లేదు. 2019 సవరణ తర్వాత మామూలుగా ఒకరి దగ్గర రెండుకు మించి తుపాకులు ఉండకూడదు. వారసత్వంగా వచ్చినవి కూడా ఆ లెక్కలోకే వస్తాయి. లైసెన్స్ లేకుండా ఉంచుకుంటే 2 నుంచి 5 ఏళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు.

లైసెన్స్ ఉన్న పెద్దాయన ఇంతెకాల్ అయితే ఆ కాగితం పిల్లలకు పనికిరాదు. తుపాకీని పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేసి, వారసుల్లో ఒకరి పేరు మీద దరఖాస్తు పెట్టుకోవాలి.

రెండోది లోపలి మందు

బర్మార్‌లో మందు, గుండ్లు మూతి నుంచే కూరుతారు. ఎప్పుడో నింపి మర్చిపోయినవి ఇంకా లోపలే ఉండొచ్చు. పొడిగా ఉన్న నల్లమందు ఎన్నేళ్లయినా అంటుకుంటుంది. చువ్వతో పొడవడం, వేడి చేయడం అస్సలు వద్దు. తెలిసిన గన్ డీలర్‌తోనే చూపించి ఖాళీ చేయించాలి.

మైనమే ఎందుకు?

ఇనుము, నీళ్లు, గాలి కలిస్తే తుప్పు. చేతి చెమటలోని ఉప్పు దాన్ని ఇంకా తొందర చేస్తుంది. అందుకే చాలాచోట్ల వేలిముద్రలు పడ్డ దగ్గరే ముందు మచ్చలు లేస్తాయి. చాలామంది నూనె రాస్తారు. నూనె కిందికి జారుతుంది, దుమ్మును పట్టుకుంటుంది. ఇనుము కట్టెను తాకే చోట కట్టెలోకి ఇంకి దాన్ని నల్లగా, మెత్తగా చేస్తుంది. మైనం అట్లా కాదు. ఆరిపోయి ఉన్నచోటే ఉంటుంది. తేమను పూర్తిగా ఆపలేదు గానీ బాగా నెమ్మది చేస్తుంది. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే కట్టె పగుళ్లివ్వకుండా కూడా కొంత కాపాడుతుంది.

తేనె మైనం పాత పద్ధతి. అయితే అందులో సహజంగానే కొంత ఆమ్లం ఉంటుంది, జిగురుగా ఉండి దుమ్ము కూడా పడుతుంది. ఈ ఇబ్బంది చూసే లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం వాళ్లు పెట్రోలియం నుంచి వచ్చే మైక్రోక్రిస్టలైన్ మైనంతో ఒక పాలిష్ తయారు చేశారు. 'రెనైసాన్స్ వ్యాక్స్' పేరుతో చిన్న డబ్బాల్లో అమ్ముతారు. కారు పాలిష్ మాత్రం వాడొద్దు, చాలావాటిలో గీరే పొడి ఉంటుంది.

ఎలా రాయాలి?

చేతికి పలుచని గ్లవ్స్ వేసుకోండి. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి. పైపై ఎర్ర తుప్పు ఉంటే కొంచెం మెషిన్ ఆయిల్ అద్దిన నూలు గుడ్డతో మెల్లగా తుడవండి. తర్వాత ఇనుము మీది నూనెను స్పిరిట్‌తో తీసేయండి. స్పిరిట్ కట్టెకు తగలనీయొద్దు, పాత వార్నిష్ కరిగిపోతుంది. తేమ మీద మైనం రాస్తే తేమ లోపలే బందీ అవుతుంది, అందుకే బాగా ఆరనివ్వాలి. అప్పుడు గుడ్డకు కొద్దిగా మైనం తీసుకుని పలుచగా రాసి, కాసేపయ్యాక ఇంకో పొడి గుడ్డతో మెరిసేదాకా రుద్దండి. దళసరిగా రాస్తే లాభం లేదు, దుమ్మే పడుతుంది. పాలిష్‌కు, స్పిరిట్‌కు మంట తొందరగా అంటుకుంటుంది. పొయ్యి దగ్గర కాదు, కిటికీ తెరిచిన గదిలో చేయండి. ఏటా వానలకు ముందు ఒకసారి చూసుకుంటే సరిపోతుంది.

ఇత్తడి భాగాలను చింతపండుతో తోమడం, నాలిని గరుకు కాగితంతో రుద్దడం మాత్రం వద్దు. తయారీదారు ముద్ర, నంబరు, ఉర్దూ అక్షరాలు అరిగిపోతే మళ్లీ రావు. ఖాతా పుస్తకంలో పాత సామాను విలువ ఏటా తగ్గుతుంది. పాత తుపాకీ లెక్క వేరు, కొత్తదిలా మెరిపిస్తేనే దాని విలువ పడిపోతుంది.

దాచేటప్పుడు తోలు సంచిలో, ఉన్ని గుడ్డలో చుట్టొద్దు, అవి తేమను పట్టి ఉంచుతాయి. చెమ్మ గోడకు ఆనించకుండా, పిల్లల చేతికి అందకుండా తాళం వేసి పెట్టండి. ఉంచుకోవడం భారమనుకుంటే, 1951లో మొదలైన హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలాంటి చోట ఇలాంటి ఆయుధాలను ఎలా కాపాడుతున్నారో అడిగి తెలుసుకోవచ్చు.

తుపాకీ ఎవరిది, ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు వాడారు అనేది ఒక కాగితం మీద రాసి, ఫొటోతో పాటు లైసెన్స్ ఫైల్లో పెట్టండి. మైనం మళ్లీ కొనుక్కోవచ్చు. ఆ సంగతులు చెప్పగలిగే దాదీజాన్, నానాజాన్ ఉన్నప్పుడే అడగాలి.