మీ బండి మోత - పొరుగింటి రక్తపోటు

ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళే రోగికి మేము డాక్టర్లం చీటీమీద నాలుగైదు మందులు రాసి, చివర ఒక మాట తప్పకుండా చేరుస్తాం - ‘‘పూర్తి విశ్రాంతి’’ అని. మందులు షాపులో దొరుకుతాయి. ప్రభుత్వాసుపత్రిలోనైతే మేమే ఇస్తాం. విశ్రాంతి మాత్రం ఏ షాపులోనూ దొరకదు. అది సగం ఇంట్లోవాళ్ళ చేతుల్లో, సగం వీధిలోవాళ్ళ చేతుల్లో ఉంటుంది. ఆ రెండో సగాన్ని గురించే ఈ వారం నాలుగు మాటలు చెబుతాను.

మీ వీధిలోనూ ఒకడు ఉండే ఉంటాడు. కొత్త మోటారు సైకిలు కొనగానే కంపెనీవారి సైలెన్సరు ఊడదీయించి, మెకానిక్ షెడ్డులో మరొకటి బిగించుకుని, రాత్రి పదకొండు గంటలకు కిటికీ అద్దాలు అదిరేలా వచ్చే కుర్రవాడు. అతను దుర్మార్గుడేమీ కాడు. తెల్లవారితే ‘‘నమస్తే అంకుల్’’ అని నవ్వుతూ పలకరించేవాడే. ఏమో, మీ ఇంట్లోవాడే కావచ్చు కూడా! అందుకే ఎవరినీ తిట్టాలని ఇది రాయడం లేదు. ఆ మోత ఎవరి ఒంట్లో ఏం చేస్తుందో తెలిస్తే చాలామంది తమంతట తామే మానుకుంటారని నా నమ్మకం.

చెవికి రెప్ప లేదు

కంటికి రెప్ప ఉంది. వద్దనుకుంటే మూసుకోవచ్చు. చెవికి ఆ సౌకర్యం లేదు. మనం నిద్రపోయినా అది మేలుకునే ఉంటుంది. ఇంటికి కాపలావాడు ఎలాంటివాడో ఒంటికి చెవి అలాంటిది. హఠాత్తుగా పెద్ద చప్పుడు వినబడితే అది మెదడుకు ‘ప్రమాదం’ అని కబురు పంపుతుంది. వెంటనే మూత్రపిండాలమీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు రక్తంలోకి కొన్ని రసాయనాలను వదులుతాయి. గుండె వేగం హెచ్చుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది. పులి ఎదురైతే పరుగెత్తడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. కాని గుండెపోటు వచ్చి మంచంమీద పడుకున్న మనిషి ఎక్కడికి పరుగెత్తుతాడు?

ఆరోగ్యవంతుడికి నిద్రలో రక్తపోటు పగటికంటే సుమారు 10 నుంచి 20 శాతం తగ్గుతుంది. గుండెకు రోజూ దొరికే సెలవు అదే. రాత్రి మోతలు ఆ సెలవును కాస్త కాస్త కొరికేస్తాయి. ‘‘మాకు అలవాటైపోయిందండీ, మెలకువ కూడా రాదు’’ అని కొందరంటారు. అలవాటయ్యేది మనసుకే. మెలకువ రాకపోయినా చప్పుడు అయినప్పుడల్లా నాడి వేగం మారడం, రక్తపోటు కొద్దిసేపు పెరగడం పరీక్షల్లో కనిపిస్తూనే ఉంటుంది. సంవత్సరాల తరబడి రోడ్డు రొదలో బతికేవారికి గుండె జబ్బుల ముప్పు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది.

మా ఔట్‌పేషెంట్ విభాగానికి ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు వచ్చేవారు. మందులు వేళకు వేసుకుంటారు, ఉప్పు తగ్గించారు, పొద్దున్నే నడుస్తారు. అయినా రక్తపోటు దిగదు. ‘‘రాత్రి నిద్ర ఎలా ఉంది మాస్టారూ?’’ అని అడిగితే ఆయన మాట్లాడలేదు. పక్కనున్న భార్య చెప్పారు: ‘‘నిద్రెక్కడిది డాక్టరుగారూ! మాది మలుపులో ఇల్లు. పది దాటాక కుర్రాళ్ళు బళ్ళమీద వచ్చి, అక్కడే నిలబడి రెయిజు చేస్తారు. ఈయన ఉలిక్కిపడి లేచి కూర్చుంటారు. ఇంక తెల్లవారేదాకా అంతే.’’ నేను ఇంకో బిళ్ళ రాయలేదు. మంచం వెనకగదిలోకి మార్చమన్నాను. వాళ్ళబ్బాయిని ఆ కుర్రాళ్ళతో మంచిగా మాట్లాడమన్నాను. వాళ్ళలో ఇద్దరు ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళేనట! కొన్ని వారాల తర్వాత ఆయన రక్తపోటు అదుపులోకి వచ్చింది. మోత ఒక్కటే కారణమని నేననను, మందులూ మానలేదు. కాని నిద్ర లేకుండా మందు ఒక్కటే గెలవదు.

ఆ వీధిలో ఆయన ఒక్కరే ఉండరు కదా! నెల తిరగని పసిబిడ్డ, ఆ బిడ్డ పడుకుంటే తప్ప కన్నుమూయలేని బాలింత, రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే నర్సు, పరీక్షలకు చదివే పిల్లలు, పార్శ్వపు తలనొప్పివారు - అందరూ ఉంటారు. మూర్ఛ జబ్బు ఉన్నవారికైతే నిద్ర చెడితే ఫిట్లు తిరగబెట్టే ప్రమాదం ఉంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఇదే.

కొంచెం లెక్క చూద్దాం

శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. గుసగుస 30, మామూలు సంభాషణ 60 ఉంటుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ లెక్కలో 10 పెరిగితే ధ్వనిశక్తి పది రెట్లవుతుంది. చెవికి సుమారు రెండింతల మోతగా వినిపిస్తుంది. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 మించకూడదు. రాత్రి అంటే పది నుంచి ఆరు వరకు. ఆసుపత్రి, బడి, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. అక్కడ పగలు 50, రాత్రి 40. పడకగదిలోకి వచ్చే ఏ ఒక్క చప్పుడూ 45 దాటకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. సైలెన్సరు మార్చిన బండిని గట్టిగా రెయిజు చేస్తే దగ్గర నిలబడ్డవారికి 100 దాకా పోవచ్చు. మన సందుల్లో ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. మోత బయటికి పోక, ఆ గోడకూ ఈ గోడకూ తగిలి తిరిగి ఇళ్ళలోకే వస్తుంది.

సైలెన్సరు చేసే పని

ఇంజనులో పెట్రోలు మండినప్పుడల్లా ఒక చిన్న పేలుడు జరుగుతుంది. ఒకే సిలిండరున్న ఫోర్‌స్ట్రోకు బండి నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 25 పేలుళ్ళన్నమాట. ఆ వేడి వాయువును అరలలోంచి, చిల్లుల గొట్టాలలోంచి పంపి, దాని ఊపు తగ్గించి నెమ్మదిగా బయటికి వదలడమే సైలెన్సరు పని. లోపలి అరలు తీసేస్తే ఆ పేలుళ్ళు తిన్నగా వీధిలోకి వస్తాయి. ఇలాంటి బొంగురు శబ్దాన్ని తలుపులూ కిటికీలూ ఆపలేవు. గోడలగుండా గుండెల్లోకి వచ్చినట్టుంటుంది. కొందరు కుర్రాళ్ళు పటాకుల మోత కోసం పరుగులో ఉండగానే స్విచ్చి కట్టేసి మళ్ళీ వేస్తారు. మండని పెట్రోలు వేడి గొట్టంలోకి వెళ్ళి అక్కడ పేలుతుంది. వీధికి అదరు, బండికి చేటు.

‘‘దీంతో పవరు పెరుగుతుంది సార్’’ అంటారు. కంపెనీవారు పెట్రోలూ గాలీ పాళ్ళను తామిచ్చిన సైలెన్సరుకు సరిపడేట్టు అమర్చి ఉంటారు. దాన్ని మార్చేస్తే చాలాసార్లు మైలేజీ, నెమ్మదిలో లాగే బలం తగ్గుతాయి. పైగా ఈనాటి బళ్ళలో పొగలోని విషవాయువులను తగ్గించే కెటలిటిక్ కన్వర్టరు కూడా ఆ గొట్టంలోనే ఉంటుంది. దాన్ని తీయించేస్తే మోతతోపాటు కార్బన్ మోనాక్సైడునూ వీధికి పంచుతున్నట్టే.

నడిపేవాడి చెవి మాటేమిటి?

బాబూ, ఈ భాగం నీ కోసం. మోత నోరు బండి వెనక ఉంటుంది కనుక అసలు గోల నీకంటే వెనకవాళ్ళకే ఎక్కువ వినిపిస్తుంది. అయినా నీ చెవికీ తప్పదు. లోపలి చెవిలో నత్తగుల్లలాంటి ఒక చిన్న అవయవం ఉంది. అందులో కొన్ని వేల సున్నితమైన రోమకణాలు ఉంటాయి. అవి చనిపోతే మళ్ళీ మొలవవు. 85 డెసిబెల్స్ మోతలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదని నిపుణులు లెక్క కట్టారు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ గడువు సగమవుతుంది. అంటే 100 దగ్గర పావుగంటే! దూరప్రయాణంలో వేగంగా పోతుంటే హెల్మెట్టు చుట్టూ హోరుమనే గాలి దీనికి అదనం.

బండి దిగాక చెవిలో గుయ్యిమంటున్నదా? ఎదుటివాళ్ళ మాట మందగించినట్టుందా? అది చెవి ఇచ్చే మొదటి హెచ్చరిక. ఒకటి రెండు రోజుల్లో పోతే మంచిదే. మళ్ళీ తెచ్చుకోవద్దు. పోకపోయినా, ఒక చెవి హఠాత్తుగా వినబడకపోయినా ఆలస్యం చేయకుండా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకో. చెవిలో నూనె పోసుకోవద్దు.

‘‘మోత ఉంటేనే లారీవాడు పక్కకు తప్పుకుంటాడు, ప్రాణరక్షణకే పెట్టించుకున్నా’’ అనేవారూ ఉన్నారు. అమెరికాలో హ్యారీ హర్ట్ అనే ప్రొఫెసరు బృందం లాస్ ఏంజెల్స్ ప్రాంతంలో దాదాపు 900 మోటారు సైకిలు ప్రమాదాలను స్వయంగా పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. మూడొంతులకు పైగా సందర్భాల్లో ముప్పు ఎదుటివైపు నుంచే వచ్చింది. మోత పోయేది వెనక్కి! అద్దాలు బిగించి పాటలు పెట్టుకున్న కారువాడికి అది ఎలాగూ వినబడదు. ప్రాణం కాపాడేవి హెల్మెట్టు, హెడ్‌లైటు, నిదానం.

బండి ఉన్నవారు చేయవలసినవి

1. కంపెనీ సైలెన్సరే ఉంచుకోండి. తుప్పుపట్టి చిల్లు పడితే వెంటనే మార్పించండి.

2. పొద్దున్నే బండి తీసేటప్పుడు నిమిషాల తరబడి రెయిజు చేయకండి. స్టార్టు చేసి, నెమ్మదిగా నడుపుకుంటూ పొండి.

3. రాత్రి పది దాటితే వీధిలోకి నిదానంగా రండి. ఇంటిముందు హారను కొట్టకుండా దిగి గేటు తీసుకోండి. చివరి నాలుగిళ్ళ దూరం ఇంజను ఆపి నెట్టుకొస్తే మరీ మంచిది.

4. స్నేహితులతో కబుర్లు చెప్పేటప్పుడు ఇంజను ఆపేయండి.

బాధపడేవారు చేయవలసినవి

మంచం వీధివైపు గదిలోంచి వెనకగదిలోకి మార్చండి. చెవిలో దూది పెట్టుకుంటే పెద్దగా లాభం లేదు. మందుల షాపుల్లో దొరికే మెత్తని ఫోమ్ బిరడాలు నయం. నిద్రమాత్రలు సొంతంగా వేసుకోవద్దు. నిద్ర పట్టలేదని రక్తపోటు బిళ్ళలు ఎక్కువ తక్కువ చేయవద్దు. నిద్ర సంగతి మీ డాక్టరుకు చెప్పండి. అడిగితే తప్ప చాలామంది చెప్పరు.

కుర్రవాడితో మాట్లాడాలంటే రాత్రి కోపంమీద, స్నేహితుల ముందు నిలదీయకండి. మర్నాడు పొద్దున ఒంటరిగా ఉన్నప్పుడు ఉన్న సంగతి చెప్పండి. ‘‘బాబూ, మా నాన్నగారికి గుండెపోటు వచ్చి పది రోజులైంది. రాత్రి నీ బండి చప్పుడుకు ఉలిక్కిపడుతున్నారు. కాస్త చూసుకో నాయనా’’ అంటే కాదనేవాళ్ళు తక్కువ. గోడకవతల ఉన్నది ఒక మనిషి అని తెలియకే చాలా మోత జరుగుతున్నది.

అప్పటికీ వినకపోతే చట్టం ఉంది. సైలెన్సరును తప్పించి పొగ వదిలే ఏర్పాటుకు మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణ మొదటిసారి 1,000 రూపాయలు, తర్వాత 2,000 జరిమానా పెట్టింది. శబ్ద ప్రమాణాలు మీరితే 10,000 దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా ఉన్నాయి. ఇతరులను బలవంతంగా రొద వినిపించే హక్కు ఎవరికీ లేదని, ప్రశాంతంగా బతకడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2005 జూలైలో తీర్పు చెప్పింది. నలుగురూ కలిసి ట్రాఫిక్ పోలీసులకు బండి నంబరుతో ఫిర్యాదు రాసివ్వండి. అయితే అది చివరి మందు. మొదటి మందు మంచిమాటే.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. అబ్బాయి కొత్త సైలెన్సరుకు డబ్బు అడిగితే ఆ డబ్బుతో ఐఎస్‌ఐ గుర్తున్న మంచి హెల్మెట్టు కొనిపెట్టండి. వాడి తలకూ క్షేమం, వీధికీ నిద్ర.